మాస్టారింట్లో రెండు తెరలు

‘‘లక్షా నలభై రెండు వేలా... ఆటలాడుకోడానికా?’’

శ్రీకాకుళంలో ఓ లెక్కల మాస్టారు కొడుకిచ్చిన కాగితాన్ని పై నుంచి కిందికి, కింది నుంచి పైకి రెండుసార్లు కూడారు. కూడికలో తప్పు లేదు. తప్పంతా కాగితంలోనే ఉందనిపించింది ఆయనకు. ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్... ఇవి ఎక్కడో విన్న పేర్లే. ‘ఆర్‌జీబీ ఫ్యాన్లు-6’, ‘లిక్విడ్ కూలర్’, ‘గేమింగ్ చెయిర్’ మాత్రం కొత్త. అన్నిటికంటే చివర ‘మానిటర్లు-2’ అని ఉంది. ఒక మనిషికి రెండు తెరలెందుకో ఎంత ఆలోచించినా బోధపడలేదు.

అది 2024 జులై. కుర్రాడికి ఊరి దగ్గర్లోనే ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. రోజూ ఇంటి నుంచే బస్సులో వెళ్లి రావొచ్చు. సీటొస్తే కంప్యూటర్ కొనిపెడతానని మాటిచ్చింది మాస్టారే. మాటిచ్చినప్పుడు ఆయన మనసులో ఉన్నది స్టాఫ్ రూంలో ఉండేలాంటి ఓ ముప్ఫై వేల కంప్యూటరు. కొడుకు మనసులో ఉన్నది ఆటలాడే కంప్యూటరు. అక్కడితో ఆగలేదు... ఆటలు తయారుచేసే కంప్యూటరు!

ఇంట్లో ఉన్నది తొంభై వేలు. అవి కూడా ఖాళీగా ఉన్న డబ్బులు కావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలోని వాళ్ల సొంతూళ్లో కొబ్బరిచెట్లన్నీ నేలకు ఒరిగాయి. ఇంటి పైకప్పు సగం లేచిపోయింది. అప్పట్లో టార్పాలిన్ కప్పి, ఆ తర్వాత తాత్కాలికంగా నాలుగు రేకులు వేయించారు. ఈసారి గట్టిగా వేయించాలని కొద్దికొద్దిగా కూడబెట్టిన సొమ్ము అది.

‘‘ఇంటికి రేకులెయ్యరా అంటే గుంటడికి డబ్బా కొంటావేటి? వానొత్తే ఆ డబ్బా కింద తొంగుంటామేటి?’’ అంది మంచం మీంచి మాస్టారి తల్లి. ఆమె మాట ఆమెకు న్యాయం.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ‘చూద్దాం’ అన్నారు. ఆ ఇంట్లో ‘చూద్దాం’ అంటే ‘లేదు’ అని అర్థం. కుర్రాడు ఏమీ అనలేదు. అన్నం సగంలో లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆ తలుపు చప్పుడు మాస్టారికి ఇరవై ఒక్కేళ్ల వెనక విన్నట్టే అనిపించింది.

ఏడు రోడ్ల కూడలిలో ఓ చెంపదెబ్బ

2003. శ్రీకాకుళంలో అప్పుడప్పుడే వీధికో ఇంటర్నెట్ సెంటరు వెలుస్తున్న రోజులు. ప్లైవుడ్ ముక్కలతో చేసిన చిన్నచిన్న గదులు, వాటిలో గూనివాడిలా వీపు బయటికి పొడుచుకొచ్చిన లావుపాటి మానిటర్లు, గంటకు పాతిక రూపాయలు. బయట బోర్డు మీద ‘ఈమెయిల్, చాటింగ్, రిజల్ట్స్’ అని ఉండేది. లోపల మాత్రం కుర్రాళ్లు ‘కౌంటర్ స్ట్రైక్’ ఆడుతుండేవారు. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’లో రాజ్యాలు ఏలుతుండేవారు.

మాస్టారి తమ్ముడు అప్పుడు ఇంటర్ రెండో ఏడాది. అన్నకూ తమ్ముడికీ మధ్య పద్నాలుగేళ్ల తేడా. మధ్యలో ఇద్దరు అక్కలు. తండ్రి పోయాక తమ్ముణ్ని పెంచింది మాస్టారే. ఓ సాయంత్రం ట్యూషన్ చెప్పే ఆయన ఎదురుపడి ‘మీవాడు నెల నుంచి రావడం లేదేం?’ అన్నాడు. మాస్టారు సైకిలు అటు నుంచి అటే తిప్పి ఏడు రోడ్ల కూడలి వైపు వెళ్లారు. రెండో ఇంటర్నెట్ సెంటర్‌లో దొరికాడు తమ్ముడు. పది మంది చూస్తుండగా చెంప మీద ఒక్కటి కొట్టారు. చెవికి హెడ్‌ఫోన్ ఉంది. అది ఎగిరి కిందపడి విరిగింది. దాని ఖరీదు నూట యాభై కూడా మాస్టారే కట్టి వచ్చారు.

ఆ మార్చిలో తమ్ముడు రెండు పేపర్లు తప్పాడు. ‘ఆటలు వాణ్ని మింగేశాయి’ అన్నారందరూ. వేసవిలో ఓ రోజు చెప్పాపెట్టకుండా విశాఖపట్నం వెళ్లిపోయాడు. ద్వారకానగర్‌లో ఓ కంప్యూటర్ షాపులో చేరాడు. మొదట్లో డబ్బాలు మోశాడు, తర్వాత బిగించాడు, ఆ తర్వాత బాగుచేశాడు. 2011లో విజయనగరం వచ్చి, గంటస్తంభం దగ్గర ఓ సందులో సొంతంగా రిపేరు షాపు పెట్టుకున్నాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అన్నదమ్ములు పెళ్లిళ్లలో కలుసుకుంటారు. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నాను’. అంతే. ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మాస్టారి కుటుంబం విజయనగరం వెళ్తుంది. సిరిమాను చూసి, ఆ సాయంత్రమే తిరుగు రైలెక్కేస్తుంది. గంటస్తంభం దాకా వెళ్లి ఆ సందులోకి మాత్రం తిరగరు.

ఆ రాత్రి మాస్టారి భార్య ఒకే మాటంది.

‘‘ఆటల పేరు చెప్పి ఈ ఇంట్లోంచి ఒకణ్ని పంపించేశాం. ఇది కొంటారో మానేస్తారో మీ ఇష్టం. కానీ తెలిసినవాళ్లను అడక్కుండా మాత్రం వద్దనకండి.’’

తెలిసినవాళ్లు అంటే ఎవరో ఆమె చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

సందులో షాపు

మర్నాడు ఆదివారం. తండ్రీకొడుకులు ఆమదాలవలసలో ప్యాసింజరు ఎక్కారు. పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల... స్టేషన్లు దాటుతున్నాయిగానీ ఇద్దరి మధ్యా మాటలు లేవు. విజయనగరంలో దిగి గంటస్తంభం దాకా ఆటోలో వెళ్లారు. షాపు చూసి మాస్టారు ఆశ్చర్యపోయారు. ఇంత చిన్నదా అని కాదు. గోడకు తగిలించిన రిజిస్టరులో ఎన్ని స్కూళ్ల పేర్లున్నాయో చూసి! ఏ బడిలో కంప్యూటర్ మొరాయించినా ఇక్కడికే వస్తుందన్నమాట.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. ‘‘రా అన్నయ్యా’’ అన్నాడు. కుర్చీ తుడిచి వేశాడు. టీ తెప్పించాడు. మాస్టారు జేబులోంచి కాగితం తీసిచ్చారు. ఎలా మొదలుపెట్టాలో తెలియని చోట ఆ కాగితం బాగా పనికొచ్చింది.

తమ్ముడు చదివి నవ్వాడు. అన్న కొడుకుని చూసి, ‘‘ఒరే, ఇందులో సగం డబ్బులు దీపాలకీ, కుర్చీకీ పోతున్నాయి. కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌కి మాత్రం పదిహేను వందలు రాశావు. పెళ్లికి బ్యాండుమేళం పెట్టి, వంటవాణ్ని మర్చిపోయినట్టుంది’’ అన్నాడు. కుర్రాడి ముఖం ఎర్రబడింది. కానీ కోపం రాలేదు. బాబాయి తిట్టింది కాగితాన్ని, తనను కాదు.

‘‘ముందు ఇది చెప్పు. దీంతో ఏం చేస్తావు?’’

ఆడతానన్నాడు కుర్రాడు. ఆడటమే కాదు, బ్లెండర్‌లో బొమ్మలు చేయడం, యూనిటీలో చిన్న ఆటలు తయారుచేయడం నేర్చుకుంటానన్నాడు. ఫోన్లో తీసిపెట్టుకున్న బొమ్మలు చూపించాడు. అరసవల్లి గుడిని గీశాడు. తిత్లీకి పడిపోయిన నాన్నమ్మ ఇంటినీ గీశాడు. ఆ ఇంటికి రేకులున్నాయి, చుట్టూ కొబ్బరిచెట్లున్నాయి. నెలకు ముప్ఫై రోజులూ ఒకే ఇంట్లో ఉంటున్నా మాస్టారు ఆ బొమ్మలు చూడటం అదే మొదటిసారి.

హెడ్మాస్టారు ఒకరు... పిల్లలు మూడు వేలు

తమ్ముడు ఓ పాత కంప్యూటర్ విప్పి బల్ల మీద పెట్టాడు. అన్నకు అర్థమయ్యేలా చెప్పాలంటే బడి భాషలోనే చెప్పాలి.

‘‘అన్నయ్యా, ప్రాసెసరంటే హెడ్మాస్టారు అనుకో. ఎంత కష్టమైన లెక్కయినా చేస్తాడు. కానీ ఒక్కడే. మహా అయితే కొద్దిమంది. గ్రాఫిక్స్ కార్డంటే ప్రార్థనకి నిలబడ్డ పిల్లలు. ఒక్కొక్కళ్లకీ చిన్న కూడికే వచ్చు. కానీ ఎన్విడియా 4060 అనే మామూలు కార్డులోనే ఇలాంటివాళ్లు మూడు వేల మందికి పైగా ఉంటారు. తెర మీద బొమ్మంటే లక్షల చుక్కలు. ఏ చుక్కకు ఏ రంగో అందరూ ఒకేసారి లెక్కకట్టాలి. అది హెడ్మాస్టారి పని కాదు, పిల్లల పని.’’

‘‘ఎన్ని చుక్కలు?’’ అన్నారు మాస్టారు. లెక్క వచ్చేసరికి గొంతులో హుషారు వచ్చింది.

‘‘ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080.’’

మాస్టారు కాగితం వెనక్కి తిప్పారు. 20,73,600. సెకనుకు 60 బొమ్మలంటే 12 కోట్ల 44 లక్షలు. ఆటలవాళ్లు అడిగే 144 బొమ్మలంటే 29 కోట్ల 86 లక్షలు. ఇక ‘4కే’ తెర అంటే ఒక్క బొమ్మకే 82,94,400 చుక్కలు. అంటే నాలుగు ఫుల్ హెచ్‌డీ తెరలు కలిపినంత. ‘‘సెకనుకా!’’ అన్నారు మాస్టారు. తన సర్వీసులో దిద్దిన లెక్కలన్నీ కలిపినా అందులో ఓ మూలకు రావు.

‘‘అందుకే తెరను బట్టి కార్డు కొనాలి. కార్డు కొన్నాక తెర వెతుక్కోకూడదు. వీడి కాగితంలో రెండు 27 అంగుళాల తెరలున్నాయి. వాటి నిండా చుక్కలు నింపాలంటే ఇంకో నలభై వేల కార్డు కావాలి. ఒక 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర, 144 హెర్ట్జ్‌ది చాలు.’’

‘‘మరి రెండో తెర?’’ అన్నాడు కుర్రాడు, ఆశ వదులుకోకుండా.

అప్పుడు తమ్ముడు చెప్పిన సంగతి మాస్టారికి బాగా నచ్చింది. రెండు తెరలున్నంత మాత్రాన కార్డుకు రెట్టింపు పని పడదు. ఒకే ఆటను మూడు తెరల మీద పరిస్తే అప్పుడు నిజంగానే మూడు రెట్లు చుక్కలు లెక్కకట్టాలి. కారు పందేల ఆటలు, విమానం నడిపే ఆటలు ఆడేవాళ్లు అలా చేస్తారు. కానీ ఒక తెర మీద ఆట, రెండో దాని మీద పాఠమో, ప్రోగ్రామో తెరిచి ఉంచుకుంటే రెండో తెర బరువు అంతగా తెలీదు. అది పుస్తకం పక్కన నోట్సు పెట్టుకోవడం లాంటిది. ఇదేమీ కొత్త సోకు కూడా కాదు. విండోస్‌లో ఒక కంప్యూటర్‌కు రెండు తెరలు తగిలించే వీలు విండోస్ 98 నుంచే ఉంది. ఇప్పుడొచ్చే కార్డుల్లో సాధారణంగా మూడు డిస్‌ప్లే పోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. నాలుగు తెరల దాకా తగిలించుకోవచ్చు.

‘‘రెండో తెర కొననక్కర్లేదు’’ అంటూ తమ్ముడు అటక మీంచి ఓ పాత 19 అంగుళాల మానిటర్ దించాడు. దుమ్ము దులిపాడు. ‘‘దీనికి వీజీఏ పిన్ను ఒక్కటే ఉంది. కొత్త కార్డులకి అది ఉండదు. మధ్యలో ఓ కన్వర్టర్ కావాలి, మూడు నాలుగొందలు. వట్టి వైరు కొనకు, పనిచెయ్యదు. లోపల చిప్పున్నది కావాలి.’’

ఇరవై అయిదు వేల ‘ఐ7’ కథ

అంతలో కుర్రాడు ఫోన్లో ఓ ప్రకటన చూపించాడు. ‘గేమింగ్ పీసీ... ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్... 25 వేలే’. మాస్టారి కళ్లు మెరిశాయి. తొంభై వేలల్లో అరవై అయిదు వేలు మిగులుతాయి! రేకుల సంగతి తేలిపోతుంది.

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. ఐ7 అన్న పేరు 2008లో మొదలైంది. అప్పటిదీ ఐ7యే, ఇప్పటిదీ ఐ7యే. దాని పక్కనుండే అంకెను బట్టి అది ఏ కాలందో తెలుస్తుంది. ఆ అంకె రాయలేదంటే దాచారనే అర్థం. పదేళ్లు దాటిన పాత ఆఫీసు కంప్యూటర్‌కు రంగు దీపాల డబ్బా తొడిగి అమ్మేవాళ్లున్నారు. గ్రాఫిక్స్ కార్డుకూ అంతే. జీబీలు చూసి మోసపోకూడదు. 2014లో వచ్చిన జీటీ 730 లాంటి చిన్న కార్డులు 4 జీబీతోనూ దొరుకుతాయి. ‘‘చెంబుడు నీళ్లు తోడే మోటారుకి పెద్ద ట్యాంకు కట్టినట్టు’’ అన్నాడు తమ్ముడు.

ల్యాప్‌టాప్ కొంటే సరిపోదా అనడిగారు మాస్టారు. హాస్టల్లో ఉండే పిల్లాడైతే అదే మేలన్నాడు తమ్ముడు. ఇంట్లో ఉండేవాడికి మాత్రం బల్ల మీది కంప్యూటరే లాభం. అదే డబ్బుకు ఎక్కువ బలం వస్తుంది, వేడి తక్కువ, ఒక భాగం పాడైతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. నాలుగేళ్ల తర్వాత కార్డు ఒక్కటి మారిస్తే మళ్లీ కొత్తదైపోతుంది.

ఇక కాగితం తిరగ రాశారు. గ్రాఫిక్స్ కార్డు 29 వేలు. మొత్తంలో మూడో వంతు దానికే. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 12400ఎఫ్, 12 వేలు. మదర్‌బోర్డు ఎనిమిదిన్నర వేలు. ర్యామ్ 16 జీబీ, మూడున్నర వేలు. అదీ ఒకే ముక్కగా కాదు, ఎనిమిదేసి జీబీల ముక్కలు రెండు. రెండు దారులుంటే బండ్లు సాఫీగా నడుస్తాయి. ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ అయిదున్నర వేలు. మంచి ఎస్‌ఎంపీఎస్ నాలుగున్నర వేలు. గాలి ఆడే క్యాబినెట్ మూడున్నర వేలు. మానిటర్ పదిన్నర వేలు. యూపీఎస్ అయిదున్నర వేలు. కీబోర్డు, మౌసు పదిహేను వందలు. మొత్తం ఎనభై నాలుగు వేలు. కుర్చీ లేదు, దీపాలు లేవు, లిక్విడ్ కూలర్ లేదు. ప్రాసెసర్ డబ్బాలో వచ్చే ఫ్యాన్ చాలు.

‘‘యూపీఎస్‌కి అంతెందుకు? స్టాఫ్ రూంలోది రెండున్నర వేలే’’ అన్నారు మాస్టారు.

‘‘అది 600 వీఏ. మామూలుగా 360 వాట్లు మోస్తుంది. ఆట ఆడేటప్పుడు ఈ కంప్యూటరూ, రెండు తెరలూ కలిపి 300 దాటొచ్చు. అంచు మీద నడవడం దేనికి? వెయ్యి వీఏది తీసుకో. అదైనా పది నిమిషాలు ఆదుకోడానికే, ఆట కొనసాగించడానికి కాదు. తిత్లీ తర్వాత కరెంటు వచ్చిపోతూ వచ్చిపోతూ ఉన్నప్పుడు నా దగ్గరికి ఎన్ని కాలిపోయిన బోర్డులు వచ్చాయో... అన్నిటికీ చవక ఎస్‌ఎంపీఎస్‌లే.’’

ఆఖరుగా ఒకటి అడిగాడు. ‘‘మనింట్లో ప్లగ్గుకి ఎర్తు ఉందా?’’

మనింట్లో అన్నాడు. ఆ మాట ఇద్దరూ విన్నారు. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

చీకటి తెర

ఎర్తు లేదు. మూడు రంధ్రాల్లో పైది ఉత్త అలంకారం. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి పైపు పాతాడు. ‘కంప్యూటర్‌కి ఉప్పెందుకురా?’ అని ముసలమ్మ నవ్వింది. ఎర్తు లేని ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. అలాంటి చోట పెద్ద ఖరీదు సామాను పెట్టడం మనిషికీ మంచిది కాదు, సామానుకీ మంచిది కాదు.

వారం తర్వాత పెట్టెలొచ్చాయి. తమ్ముడు విశాఖలో తనకొచ్చే ధరకే తెచ్చి, లాభం వేసుకోకుండా బస్సులో పంపాడు. ప్రతి వస్తువుకీ జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు. మాస్టారు వాటిని సర్వీసు పుస్తకంలా ఫైలు చేశారు. బిగించే పని మాత్రం తమ్ముడు చేయనన్నాడు. ‘‘వాణ్నే బిగించుకోమను. విప్పడం, బిగించడం వస్తే భయం పోతుంది’’ అన్నాడు.

కుర్రాడు పొద్దున పదికి మొదలుపెట్టి రాత్రి ఎనిమిదిన్నరకు ముగించాడు. స్విచ్చేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది.

ఆపి వేశాడు. నలుపే. ర్యామ్ తీసి పెట్టాడు. నలుపే. నుదుటి మీద చెమటలు. తండ్రి వైపు చూడలేదు. చూడటానికి ధైర్యం లేదు. మాస్టారి కళ్ల ముందు ఎనభై నాలుగు వేలు, ఊళ్లో రేకులు, ఎప్పుడో కిందపడి విరిగిన హెడ్‌ఫోన్ ఒకదాని వెనక ఒకటి కదిలాయి. చెయ్యి పైకి లేవలేదు. ఫోన్ దగ్గరికి వెళ్లింది.

ఆయన తనంతట తాను తమ్ముడికి ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఆ వారం మాటలన్నీ కుర్రాడి ఫోన్లోనే నడిచాయి.

‘‘ఒరే... తెర వెలగట్లేదురా.’’

‘‘ఫ్యాన్లు తిరుగుతున్నాయా అన్నయ్యా?’’

‘‘ఆఁ.’’

‘‘మానిటర్ వైరు వెనకాల ఎక్కడ గుచ్చాడు? పైన నిలువుగా ఉన్నదానికా, కింద అడ్డంగా ఉన్నదానికా?’’

మాస్టారు టార్చి వేసి చూశారు. ‘‘పైన.’’

అవతల చిన్న నవ్వు వినిపించింది. ‘‘పైది మదర్‌బోర్డుది. మనం కొన్న ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది కదా, అంటే బొమ్మ చూపించే భాగం దాన్లో లేదు. ఆ పిన్నుకి గుచ్చితే ఏమీ రాదు. కిందది గ్రాఫిక్స్ కార్డుది. దానికి గుచ్చమను. అందరూ మొదటిసారి చేసే తప్పే ఇది. నేనూ చేశాను.’’

కుర్రాడు వైరు మార్చాడు. తెర వెలిగింది. ఇంట్లో అందరి ముఖాల మీదా ఒకేసారి నీలం రంగు వెలుతురు పడింది.

మాస్టారు ఫోన్ పెట్టేయలేదు. వరండాలోకి వెళ్లారు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.

‘‘ఆ రోజు... అంతమందిలో నిన్ను కొట్టకుండా ఉండాల్సిందిరా.’’

అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత తమ్ముడి గొంతు మామూలుగానే వినిపించింది. ‘‘ట్యూషన్ డబ్బులు ఆ సెంటర్లో పోసింది నిజమే కదా అన్నయ్యా.’’ మరికాసేపు ఆగి, ‘‘సెట్టింగ్స్‌లో 144 పెట్టుకోమని చెప్పు వాడికి. అడక్కపోతే అది 60 దగ్గరే కూర్చుంటుంది’’ అన్నాడు.

రేకులు

నిజంగానే అది 60 దగ్గరే కూర్చుంది. కొత్త మానిటర్ కొని ఏళ్ల తరబడి ఆ సంగతి తెలియకుండానే ఆడేవాళ్లు చాలామంది ఉంటారు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చాక, మౌసు బాణం గుర్తు నీళ్ల మీద పడవలా జారింది. సెకనుకు 60 అంటే ఒక్కో బొమ్మకు దాదాపు 17 మిల్లీసెకన్లు, 144 అంటే దాదాపు 7. ఆ తేడా మాస్టారి కంటికి కూడా తెలిసింది.

ఇంట్లో కొన్ని ఒప్పందాలు జరిగాయి. కంప్యూటర్ గదిలో కాదు, హాల్లో ఉంటుంది. వారం రోజులు రాత్రి పది దాటితే స్విచ్ ఆఫ్. డబ్బులు పెట్టి ఆడే ఆట ఏదీ అందులోకి రాకూడదు. మాస్టారి అసలు భయం ఇదే. ఆన్‌లైన్ రమ్మీలో జీతాలు పోగొట్టుకున్నవాళ్లను ఆయన చూశారు. రాష్ట్రంలో 2020లోనే వాటిని నిషేధించారు. 2025 ఆగస్టులో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించింది. ఆట వేరు, జూదం వేరు అన్న గీత ఇప్పుడు చట్టంలోనూ ఉంది. 2003లో ఆ గీత మాస్టారికి కనిపించలేదు. తమ్ముడు ఆడింది జూదం కాదు.

మూడు నెలలకోసారి క్యాబినెట్ విప్పి దుమ్ము ఊదడం కుర్రాడి పని. మొదటిసారి విప్పినప్పుడు లోపల వెచ్చగా పడుకున్న బల్లి ఒకటి దూకింది. బల్లి బోర్డు మీద అటూ ఇటూ కాళ్లు పెడితే షార్టయిపోతుందని బాబాయి ఫోన్లో చెప్పాడు. వెనక ఖాళీగా ఉన్న రంధ్రాలకు జాలీ అంటించారు.

ఇక ఎవరూ ఊహించనిది రెండో తెర సంగతి. ఆ పాత 19 అంగుళాల మానిటర్‌ను ఎక్కువగా వాడేది మాస్టారే. పొద్దున్నే కుర్రాడు కాలేజీకి వెళ్లాక, ఒక తెర మీద పదో తరగతి పుస్తకం, రెండో తెర మీద జియోజీబ్రా తెరుచుకుంటారు. త్రిభుజం శీర్షాన్ని పట్టుకుని లాగితే కోణాలు మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే నిలబడుతుంది. ముప్ఫై ఏళ్లుగా నల్లబల్ల మీద చెబుతున్నదే. కదులుతుంటే చూడటం ఆయనకు కొత్త. ఒక మనిషికి రెండు తెరలెందుకని ఆయన ఇప్పుడు అడగరు.

మరి ఇంటి పైకప్పు?

ఆ సెప్టెంబరులో తమ్ముడు ఫోన్ చేశాడు. ‘‘అన్నయ్యా, రేకుల లెక్క ఎంతవుతుందో చెప్పు. సగం నాది. అది నేను పుట్టిన ఇల్లు కూడా’’ అన్నాడు. మిగిలిన సగంలో ఆరు వేలు కంప్యూటర్ కొనగా మిగిలినవి. తక్కినవి మాస్టారు జీపీఎఫ్ లోను పెట్టి తెచ్చారు. అక్టోబరు తుపాన్ల కాలం రాకముందే అన్నదమ్ములిద్దరూ ఉద్దానం వెళ్లారు. నాలుగు రోజులు పనివాళ్లతో పాటే ఉండి రేకులు వేయించారు. ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి చూపించారు. ‘‘ఇద్దరూ కలిసి ఎయ్యడానికి ఇన్నేళ్లు పట్టిందేటి?’’ అంది ఆమె. రేకుల గురించే అన్నదో, ఇంకోదాని గురించో తెలీదు.

ఆ ఏడాది సిరిమానోత్సవానికి మాస్టారి కుటుంబం విజయనగరం వెళ్లింది. సాయంత్రం రైలు ఎక్కలేదు. గంటస్తంభం దగ్గర సందులోకి తిరిగారు. 

2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ప్రపంచమంతా ఏఐ కోసం పెద్దపెద్ద కంప్యూటర్ కేంద్రాలు కడుతుంటే చిప్పులన్నీ అటు పోతున్నాయట. ‘మనం సరైన టైంలో కొన్నాం అన్నయ్యా’ అని తమ్ముడు ఫోన్ చేశాడు. ఇప్పుడు ఇద్దరి మధ్యా ఫోన్ చేసుకోడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ర్యామ్ ధర చాలు.